హాస్టల్ సాఫ్ట్‌వేర్: నేను 1.58 కోట్లు అంటున్నా, ఫండ్ వాళ్ళు 64 లక్షలంటున్నారు. ఎవరి లెక్క రైటు?

బెడ్_నంబర్_3 (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్తే అందరికీ. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి రాయక తప్పడం లేదు.

నేనూ నా ఇంజనీరింగ్ ఫ్రెండూ కలిసి పీజీ హాస్టళ్ళకి సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి. ఏ బెడ్‌లో ఎవరున్నారు, ఎవరు అద్దె బాకీ, ఎవరు ఖాళీ చేస్తున్నారు, అంతా ఓనరు ఫోన్‌లో కనబడుతుంది. బెడ్‌కి నెలకి 20 రూపాయలు. సగటున హాస్టల్‌కి 70 బెడ్లు, అంటే నెలకి 1,400. మొత్తం 410 హాస్టళ్ళు. నాలుగేళ్ళూ సొంత డబ్బుతోనే లాక్కొచ్చాం.

మార్చిలో 13 లక్షల 20 వేలకి బిల్లులు వేశాం. 12తో గుణిస్తే 1 కోటి 58 లక్షలు. పెట్టుబడిదారులకి చూపించే స్లైడ్లలో (పిచ్ డెక్) ఏఆర్‌ఆర్, అంటే ఏటా తిరిగి తిరిగి వచ్చే ఆదాయం అని అదే పెట్టాను. రాయదుర్గం వైపు ఆఫీసున్న స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే ఒక ఫండ్ వాళ్ళని కలిశాం. వాళ్ళ అనలిస్టు మా తమ్ముడి వయసు కుర్రాడు. షీట్లు అడిగి తీసుకున్నాడు. రెండు రోజులాగి "మీ ఏఆర్‌ఆర్ 64.68 లక్షలు సార్" అని మెయిల్ పెట్టాడు. సగం కూడా లేదు! రేటు దించడానికి ఇలా చేస్తారా, లేక నిజంగానే నాకు తెలియదా?

ఇరానీ_చాయ్

మార్చినే ఎందుకు గుణించావు భయ్యా? అక్టోబర్ ఏం పాపం చేసింది?

పద్దుపుస్తకం

అసలు ప్రశ్న చాయ్ గారు అడిగేశారు. ఆ 13.20 లక్షల్లో ఏమేమి ఉన్నాయో విడగొట్టి పెట్టండి. జీఎస్టీ కలిపి చెప్పారా, తీసేసి చెప్పారా?

బెడ్_నంబర్_3

జీఎస్టీ తీసేశాకే మేడమ్. నెలనెలా కట్టే హాస్టళ్ళు 260, వాటి నుంచి 3,64,000. ఏడాదికి ఒకేసారి కట్టేవాళ్ళు మొత్తం 150 మంది. రెండు నెలలు ఫ్రీ ఇస్తాం కాబట్టి ఒక్కొక్కరికి 14,000. వాళ్ళలో 40 మంది మార్చిలో కట్టారు, అది 5,60,000. బయోమెట్రిక్ మెషీన్లు 25 అమ్మాం, 2,25,000. కొత్త హాస్టళ్ళకి డేటా ఎక్కించిన ఫీజు 1,10,000. వాట్సాప్ మెసేజ్‌ల ఛార్జీ 61,000.

పద్దుపుస్తకం

కుర్రాడి లెక్క రైటే. ఒక్క పైసా తేడా లేదు.

నెలనెలా వచ్చేది 3,64,000. ఏడాది ప్లాన్ వాళ్ళు 150 మందీ 14,000 చొప్పున కడతారు కాబట్టి నెలకి 1,75,000. రెండూ కలిపితే 5,39,000. పన్నెండు నెలలకి 64,68,000. మిగతాది డబ్బు కాదని ఎవరూ అనడం లేదు, అది తిరిగి తిరిగి వచ్చే డబ్బు కాదంటున్నారు. ఏప్రిల్‌లో అవే 25 మెషీన్లు మళ్ళీ కొంటారా? ఆ 40 మందీ మే నెలలో ఇంకోసారి 14,000 కడతారా? మీరు 12తో గుణించినప్పుడు ఏడాది చందాని 12 సార్లు వసూలు చేసినట్టు రాశారు.

మీ కస్టమర్ల భాషలోనే చెప్తాను. హాస్టల్‌లో చేరేవాడు అడ్వాన్స్ కడతాడు. డబ్బు ఓనరు చేతిలోనే ఉంటుంది, కానీ అది అద్దె కాదు, బాకీ. ఏడాది ముందు కట్టించుకున్న చందా కూడా అలాంటిదే. మార్చిలో వచ్చిన 14,000లో ఆ నెల సంపాదన 1,167 మాత్రమే. మిగతాది మీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుంటుంది, డిఫర్డ్ రెవెన్యూ అనే పేరుతో. పోలిక పూర్తిగా కుదరదు లెండి. ఓనరు అడ్వాన్స్‌ని డబ్బుగా తిరిగివ్వాలి, మీరు సర్వీసుగా తీర్చాలి. అకౌంటింగ్ ప్రమాణాల్లో పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్ 115 అయినా, మీలాంటి చిన్న కంపెనీలకి పాత ఏఎస్ 9 అయినా, ఈ విషయంలో చెప్పేది ఒకటే.

వాట్సాప్ ఛార్జీ సంగతి ఇంకా చిన్నది. మెటా వాళ్ళకి కట్టేది కట్టగా మీకు మిగిలేదెంత? అసలు ఆదాయం అదే.

ఇరానీ_చాయ్

అంటే బుకింగ్, బిల్లింగ్, కలెక్షన్, రెవెన్యూ, ఏఆర్‌ఆర్ అన్నీ వేరువేరు. మా బస్తీలో చిట్టీల ఆమెకి ఈ తేడా పుట్టుకతోనే తెలుసు, ఎంబీఏ లేకుండా.

పాత_కోడర్

మన ఊళ్ళో రెవెన్యూ లెక్క అనగానే మా తరానికి 2009 జనవరి 7 గుర్తొస్తుంది. నేనప్పుడు మాదాపూర్‌లో వేరే కంపెనీలో ఉన్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఏ ఫ్లోర్‌లోనూ పని జరగలేదు. దొంగ లెక్కలు రాశామని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఒప్పుకున్న లేఖలోని అంకెలు ఇప్పటికీ నోటికి వచ్చు. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. సెప్టెంబర్ 2008 త్రైమాసికంలో చూపించిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, ఉన్నది 61 కోట్లు.

తమ్ముడూ, నువ్వు చేసింది అది కాదు. నీ బిల్లులు నిజం, హాస్టళ్ళు నిజం. పేరు తప్పు పెట్టావు, అంతే. కానీ డెక్‌లో అంకెని డెక్‌లోనే వదిలేస్తారనుకోకు. రేపు పెట్టుబడి ఒప్పందంలో ఫౌండర్లు ఇచ్చే వారంటీల్లో అదే కూర్చుంటుంది, కింద నీ సంతకం ఉంటుంది. ఇవాళే ఆ కుర్రాడికి "మీ లెక్కే సరి" అని రాసెయ్.

టర్మ్‌షీట్_బాధితుడు

ఏఆర్‌ఆర్ గొడవ తేలింది. చర్న్ ఎంత, అంటే నెలకి ఎంతమంది కస్టమర్లు మానేస్తున్నారు? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు, అంటే అక్కడే ఏదో ఉంది.

బెడ్_నంబర్_3

దొరికిపోయాను. నెలవారీ 260లో మార్చిలో 8 పోయాయి. 3 శాతమే కదా, ఏముందిలే అనుకున్నా.

టర్మ్‌షీట్_బాధితుడు

నెలకి 3 శాతం అంటే ఏడాది తిరిగేసరికి వందలో 69 మంది మిగులుతారు. 31 మంది పోతారు. 5 శాతమైతే 54 మందే. చిల్లుకుండలో నీళ్ళు పోస్తూ కుండ సైజు గురించి బేరమాడుతున్నట్టుంటుంది. మా మొదటి కంపెనీలో ఈ ఒక్క కాలమ్‌ని 14 నెలలు చూడలేదు. చూసేసరికి కొత్త కస్టమర్ల కోసం పెట్టిన మార్కెటింగ్ ఖర్చంతా పోయినవాళ్ళ స్థానం పూడ్చడానికే సరిపోయింది.

ఆ 8 ఎందుకు పోయాయో ఫోన్ చేసి అడిగారా?

బెడ్_నంబర్_3

ఇప్పుడే కూర్చుని అందరికీ చేశాం. రెండు హాస్టళ్ళు మూతబడ్డాయి. ముగ్గురు మళ్ళీ నోట్‌బుక్‌కే వెళ్ళిపోయారు. మిగతా మూడు చేతులు మారాయి. ఓనరు రన్నింగ్ హాస్టల్‌ని ఇంకొకరికి అమ్మేశాడు. కొత్తాయన పాత ఫోన్ నంబర్‌తో లాగిన్ అవ్వలేక కొత్త అకౌంట్ తెరిచాడు. అంటే బిల్డింగ్ అదే, బెడ్లు అవే, మేమేమో ఒకటి పోయింది, ఒకటి కొత్తది అని రాసుకుంటున్నాం!

పద్దుపుస్తకం

అయితే అసలు పోయినవి 5. నెలకి 1.9 శాతం. ఏడాదికి సుమారు 21 శాతం. 31కీ 21కీ ఎంత తేడానో చూడండి. కానీ ఆ మూడింటినీ "కొత్త కస్టమర్లు" లెక్కలోంచి కూడా తీసేయాలి. మంచి వైపు సరిచేసి చెడ్డ వైపు వదిలేస్తే అనలిస్టు కుర్రాడు మళ్ళీ మెయిల్ పెడతాడు.

ఇంకొకటి. మీది బెడ్ లెక్కన రేటు. పరీక్షలయ్యాక ఖాళీ అయ్యే బెడ్లకి కూడా డబ్బు తీసుకుంటారా?

బెడ్_నంబర్_3

నిండిన బెడ్లకే. మే నెలలో అమీర్‌పేట హాస్టళ్ళ బిల్లు తగ్గుతుంది, జులైలో లేస్తుంది. మాదాపూర్‌లో అంత తేడా ఉండదు, ఉద్యోగస్తులు కదా.

గుంటూరు_హాస్టల్

మా అమ్మాయి ఈ లింకు పంపించి "నాన్నా, ఇది నువ్వు వాడే యాప్ గురించే అనుకుంటా" అంది. ఎస్.ఆర్.నగర్‌లో నాకు మూడు హాస్టళ్ళున్నాయి, అన్నీ కలిపి 240 బెడ్లు. మీరు మాట్లాడే ఇంగ్లీషు లెక్కలు నాకు సగమే అర్థమయ్యాయి. నాకు తెలిసింది చెప్తాను.

ఏడాది డబ్బు ముందే కట్టమని మీ కుర్రాడు నాలుగుసార్లు వచ్చాడు. నేను కట్టను. రెండు బిల్డింగులకి లీజు 11 నెలలకి రాసుకున్నాం. ఓనరు మళ్ళీ రాస్తాడో, అద్దె పెంచి పొమ్మంటాడో నాకే తెలియదు. ఆరు నెలలకైతే కడతాను, నష్టమేమీ లేదు.

రెండోది, నేను ఈ యాప్ ఎందుకు వాడుతున్నానో మీరెవరూ అడగలేదు. బెడ్ల లెక్క నాకు నోటికొచ్చు. ఒకటో తారీఖున అద్దె కట్టమని ఫోన్‌కి మెసేజ్ దానంతటదే పోతుంది చూడండి, దానికోసం. నేను అడిగితే పిల్లలు మొహం మాడ్చుకుంటారు. మెసేజ్ అడిగితే కట్టేస్తారు. ఆ ఒక్కటీ ఆగిపోతే నేనూ నోట్‌బుక్‌కే వెళ్తాను.

మూడోది అసలైనది. రోజూ రాత్రి అన్నం పారబోస్తున్నాం. శనివారం సగంమంది ఊళ్ళకి పోతారు, వంటమాస్టరుకి తెలియదు, 80 మందికి వండేస్తాడు. "రేపు భోజనానికి ఎంతమంది" అని సాయంత్రానికల్లా చెప్పే ఏర్పాటు చేసి పెట్టు బాబూ, బెడ్‌కి ఇంకో ఎనిమిది రూపాయలు ఇస్తాను. నీకిచ్చేది నాకు బియ్యంలో మిగులుతుంది.

ఇరానీ_చాయ్

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన బెస్ట్ పిచ్ డెక్ ఇదే. స్లైడ్లు లేవు.

రాయదుర్గం_మెట్రో

నేను ఒక ఫండ్‌లో పనిచేస్తాను. మీరు కలిసింది మమ్మల్ని కాదు, ముందే చెప్తున్నా. అవతలి వైపు ఏం ఆలోచిస్తారో చెప్తాను, ఎందుకంటే అది ఫౌండర్లకి ఎవరూ సూటిగా చెప్పరు.

గుంటూరు గారు చెప్పిన 8 రూపాయలే మేం వెతికేది. ఉన్న కస్టమరే వచ్చే ఏడాది ఎక్కువ కడితే, పోయినవాళ్ళని తీసేసినా పాత గుంపు నుంచి వచ్చే డబ్బు వందకి 105, 110 అవుతుంది. దాన్ని నెట్ రెవెన్యూ రిటెన్షన్ అంటాం. కొత్త కస్టమర్ ఒక్కడు రాకపోయినా కంపెనీ పెరుగుతుందా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక వాల్యుయేషన్, అంటే కంపెనీకి కట్టే విలువ. ఏఆర్‌ఆర్‌కి ఇన్ని రెట్లు అని ఏదో శాస్త్రం ఉన్నట్టు మాట్లాడతారు. ఆ రెట్లు మన చేతిలో ఉండవు. చెన్నైలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్‌నే చూడండి. 2021 సెప్టెంబర్‌లో నాస్డాక్‌లో షేరు 36 డాలర్లకి ఇచ్చారు. 2021లో ఆదాయం 371 మిలియన్ డాలర్లు, 2022లో 498 మిలియన్లు. మూడో వంతు పెరిగింది. 2022 చివరికి షేరు ధర మాత్రం 36లో సగం కూడా లేదు. కంపెనీ మారలేదు. అమెరికాలో వడ్డీ సున్నా దగ్గర నుంచి లేచింది, 2023 జులైకి 5.25, 5.5 శాతాల మధ్యకి వెళ్ళింది. పదేళ్ళ తర్వాత వచ్చే రూపాయికి ఇవాళ ఇచ్చే ధర పడిపోయింది. నాస్డాక్‌లో తగ్గిన ఆరు నెలలకి ఆ సెగ రాయదుర్గం దాకా వస్తుంది.

ఇప్పుడు చేదు మాట. ఒక ఫండ్ 300 కోట్లదనుకోండి, ఆయుష్షు పదేళ్ళు. పెట్టినవాటిలో చాలావరకు పోతాయి, ఒకటో రెండో మొత్తం ఫండ్‌ని తిరిగి తేవాలి. చివరికి మాకు మీలో 15 శాతం మిగిలితే, 300 కోట్లు రావాలంటే మీ కంపెనీ 2,000 కోట్లకి అమ్ముడుపోవాలి. ఆదాయానికి పది రెట్లు ధర పలుకుతుందనుకున్నా ఏడాదికి 200 కోట్ల ఆదాయం ఉండాలి. హాస్టల్‌కి ఏడాదికి 16,800 చొప్పున లక్షా 19 వేల హాస్టళ్ళు కావాలి. మీ దగ్గరున్నవి 410.

మీది మంచి వ్యాపారం కాదనడం లేదు. మా లెక్కకి సరిపోయే వ్యాపారమా అన్నది వేరే ప్రశ్న. 15 కోట్ల ఆదాయం, నాలుగు కోట్ల లాభం వచ్చే కంపెనీ మీ ఇద్దరి జీవితాలని మార్చేస్తుంది. మాకు మాత్రం అది పెట్టుబడి దారి తప్పినట్టే.

పాత_కోడర్

ఇంత నిజాయితీగా చెప్పే ఫండ్ మనిషిని నేను చూడలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996 నుంచి బయటి పెట్టుబడి లేకుండానే అంత అయ్యింది. అందరూ జోహో కాలేరు, అదీ నిజమే. 2006లో మొదలైన, బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ పెట్టుబడి తీసుకుంది, 2013లో ఐబిబో గ్రూపుకి అమ్ముడైంది. ఆ దారీ తప్పు కాదు. బస్సు టికెట్ల మార్కెట్ దేశమంతా ఒక్కటే. నీ హాస్టల్ మార్కెట్ కాలనీకో తీరు.

ఇరానీ_చాయ్

మరి పేపర్లో "హైదరాబాద్ కంపెనీకి బిలియన్ డాలర్ల విలువ" అని వస్తుంది, అదెట్ల? బిలియన్ ఎవరి బ్యాంకులో ఉంటుంది?

పాత_కోడర్

ఎవరి బ్యాంకులోనూ ఉండదు. 2015లో మన ఊళ్ళో మొదలైన హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో యూనికార్న్, అంటే బిలియన్ డాలర్ల విలువైన కంపెనీ అయ్యింది. ఆ రౌండులో వచ్చింది 72 మిలియన్ డాలర్లు. కొన్న చిన్న ముక్క రేటుతో మొత్తం కంపెనీని గుణిస్తే బిలియన్ దాటింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది గుర్తుందా? మర్నాటి నుంచి ఆ చుట్టుపక్కల పొలమున్న ప్రతివాడూ తన ఎకరాలని వందతో గుణించుకున్నాడు. అమ్మబోతే తెలుస్తుంది. అందులోనూ పొలం ధరకి షరతులుండవు, షేరు ధరకి ఉంటాయి.

బెడ్_నంబర్_3

షరతుల మాట వచ్చింది కాబట్టి అసలు విషయం చెప్పేస్తా. చేతిలో రెండు ఆఫర్లున్నాయి.

ఒకటి ఆ ఫండ్ వాళ్ళది. ప్రీమనీ (వాళ్ళ డబ్బు రాకముందు కంపెనీ విలువ) 6 కోట్లు, 1.5 కోట్లు పెడతారు, 20 శాతం. 1ఎక్స్ లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్మితే పెట్టినంత ముందు తీసుకునే హక్కు), నాన్ పార్టిసిపేటింగ్. రెండోది విడిగా ఒక ఇన్వెస్టరు ఇచ్చింది. ప్రీమనీ 10 కోట్లు, 2 కోట్లు పెడతాడు, 16.67 శాతమే. కానీ 2ఎక్స్, పార్టిసిపేటింగ్ అని ఉంది. 75 లక్షలు ఇప్పుడు, మిగతాది ఏఆర్‌ఆర్ 1.2 కోట్లు దాటాక. మా ఫ్రెండ్ రెండోదే అంటున్నాడు, పది కోట్ల కంపెనీ అని చెప్పుకోవచ్చని.

టర్మ్‌షీట్_బాధితుడు

నా పేరు చూశారు కదా, పెట్టుబడి షరతులు రాసే కాగితాన్నే టర్మ్‌షీట్ అంటారు. ఆగండి.

నాలుగేళ్ళ తర్వాత కంపెనీ 8 కోట్లకి అమ్మారనుకుందాం. మధ్యలో ఇంకో రౌండు లేదు, రెండో ఆఫర్‌లో 2 కోట్లూ వచ్చేశాయి. ఉద్యోగులకి ఇవ్వడానికి ఉంచే షేర్లని, అంటే ఈసాప్ పూల్‌ని, లెక్కలోంచి పక్కన పెడుతున్నాను.

మొదటి ఆఫర్: ఇన్వెస్టరు తన 1.5 కోట్లు తీసుకోవాలి, లేదా 20 శాతం తీసుకోవాలి, ఏదో ఒకటే. 20 శాతం అంటే 1.6 కోట్లు, అదే తీసుకుంటాడు. మీ వైపు 6.4 కోట్లు.

రెండో ఆఫర్: ముందు 2 కోట్లకి రెండింతలు, 4 కోట్లు ఆయనవి. మిగిలిన 4 కోట్లలో మళ్ళీ 16.67 శాతం, 67 లక్షలు. మీకు 3.33 కోట్లు.

పది కోట్ల వాల్యుయేషన్‌లో మీకు దక్కేది ఆరు కోట్ల వాల్యుయేషన్‌లో వచ్చేదానిలో సగం! కాస్త ముందుకి లాగి చూశాను. కంపెనీ 100 కోట్లకి అమ్ముడైతేనే రెండు ఆఫర్లూ సమానం, మీకు చెరి 80 కోట్లు. అంతకన్నా తక్కువకి అమ్మితే మొదటిదే మేలు. నేను సంతకం పెట్టినరోజు ఈ లెక్క వేసుకోలేదు. వాల్యుయేషన్ ఎక్కువొచ్చిందని పార్టీ ఇచ్చాను. అమ్మిన రోజు క్యాబ్ డబ్బులు కూడా నా జేబులోంచే పోయాయి.

మొదటి ఆఫర్‌లో ఈసాప్ పూల్ ఎక్కడినుంచి తీస్తున్నారో చూసుకోండి. 10 శాతం పూల్ పెట్టుబడికి ముందే పెట్టమంటే, 7.5 కోట్లలో 75 లక్షలు మీ వాటాలోంచే పోతాయి. మీకు 6 కోట్లన్నది 5.25 కోట్లే.

బెడ్_నంబర్_3

ముందే పెట్టమన్నారు అన్నా. ఆ లైను మీద వేలు పెట్టి మరీ చదివాను, అర్థం మాత్రం ఇప్పుడయ్యింది. ఏంజెల్ ట్యాక్స్ సంగతేంటి? రెండో ఇన్వెస్టరు అదేదో భయపెడుతున్నాడు.

పద్దుపుస్తకం

షేర్లని అసలు విలువ కన్నా ఎక్కువకి అమ్మితే ఆ తేడా మీద వేసిన పన్ను అది. 2012లో తెచ్చారు, 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు. ఆ భయం లేదు. షేర్లు ఇచ్చేటప్పుడు కంపెనీల చట్టం ప్రకారం రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు మాత్రం కావాలి.

డ్యూ డిలిజెన్స్‌లో, అంటే పెట్టుబడికి ముందు చేసే తనిఖీలో, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పేమెంట్ గేట్‌వే రిపోర్టు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పెద్ద కస్టమర్లుంటే టీడీఎస్ కోస్తారు కాబట్టి మీ ఆదాయపు పన్ను రికార్డులో కూడా కనబడుతుంది. మీ హాస్టల్ ఓనర్లలో చాలామంది కోయరు, అందుకే గేట్‌వే రిపోర్టు శుభ్రంగా పెట్టుకోండి. ఓనర్లు మీ సొంత ఫోన్‌పేకి కొట్టిన డబ్బు ఏమైనా ఉంటే ఇప్పుడే కంపెనీ ఖాతాకి మళ్ళించి రాసుకోండి.

బెడ్_నంబర్_3

ఉంది మేడమ్. కొంచెం. ఇవాళే చూస్తాను.

బెడ్_నంబర్_3 (నాలుగు వారాల తర్వాత)

ఏమైందని మెసేజ్‌లు పెట్టినవాళ్ళందరికీ ఒకేసారి.

అనలిస్టుకి అదే రోజు "మీ లెక్కే కరెక్టు" అని రాశాం. చేతులు మారిన హాస్టళ్ళని కలిపి చర్న్ షీట్ కొత్తగా పంపాం. కొత్త కస్టమర్ల సంఖ్య కూడా తగ్గించాం. రెండో ఆఫర్ వద్దన్నాం. మా ఫ్రెండ్ రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత 100 కోట్ల లెక్క తనే పేపర్ మీద వేసుకుని ఊరుకున్నాడు. మొదటి ఆఫర్ కూడా ఇప్పుడే తీసుకోవడం లేదు. లక్షా 19 వేల హాస్టళ్ళ మాట నిద్రపోనివ్వలేదు. నెలనెలా అంకెలు పంపండి, దీపావళి తర్వాత మళ్ళీ కూర్చుందాం అన్నారు. పంపుతున్నాం, బయోమెట్రిక్‌కి వేరే కాలమ్ పెట్టి.

ఆరు నెలల ప్లాన్ పెట్టాం, అయిదున్నర నెలల రేటుకి, 7,700. ఇప్పటికి 38 హాస్టళ్ళు తీసుకున్నాయి. 2,92,600 చేతికొచ్చింది, కొత్త డెవలపర్‌ని ఆ డబ్బుతోనే పెట్టుకున్నాం. మేడమ్, అది బాకీ అని తెలుసు, అప్పుల వైపే రాశాను.

భోజనాల లెక్క కూడా పెట్టాం. సాయంత్రం ఆరింటికి మెసేజ్ వెళ్తుంది, తినేవాళ్ళు ఒక బటన్ నొక్కితే చాలు. బెడ్‌కి 8 రూపాయలు. 31 హాస్టళ్ళు కడుతున్నాయి, నెలకి 17,360 అదనం. వీటిలో కొత్త కస్టమరు ఒక్కడూ లేడు.

గుంటూరు_హాస్టల్

ఆరింటికి కాదు బాబూ, నాలుగున్నరకి పంపించు. ఆరింటికి వంటమాస్టరు అప్పటికే బియ్యం కడిగేస్తున్నాడు.

బెడ్_నంబర్_3

మార్చేస్తున్నానండీ. రేపటి నుంచి నాలుగున్నరకే వస్తుంది.